కొసరు

గుణుపురం సంతలో చింతపండు బుట్టల పక్కన
మడతబల్ల వేశాం.
లాప్‌టాప్ మీద గొడుగు,
గొడుగు మీద ఎండ.
నిధులిచ్చినవాళ్ల కాగితంలో మా పని పేరు
రెండు లైన్లుంటుంది.
మా అత్త దమయంతికి మాత్రం ఒక్క ముక్కలో చెప్పాను:
బేరమాడేటప్పుడు బుర్రలో ఏం జరుగుతుందో చూడటం.
"దానికి యంత్రమెందుకురా, మొహం చూస్తే చాలదా" అంది.

నేను లెక్కలవాణ్ణి.
భువనేశ్వర్ నుంచి వచ్చిన ఇతిశ్రీ మెదడు చదివింది.
ధరల సంగతి చూసే కులమణి సారు
జీపు దిగకుండానే గిరాకీ గీత గీసేశారు.
ముగ్గురం మూడు శాస్త్రాల్లో ఒకే ప్రశ్న అడుగుతాం,
మూడు జవాబుల్నీ ఒకే పట్టికలోకి తోస్తాం.
పట్టక కొన్ని కింద పడతాయి.

గురుబారి పుట్టాసింగి వైపు నుంచి కొండ దిగి వస్తుంది.
అల్లం, పసుపు, గంపెడు కమలాలు.
సవరలో లెక్కపెడుతుంది, ఒడియాలో ధర చెబుతుంది,
తెలుగులో తిడుతుంది.
తీగల టోపీ తలకి పెడతామంటే
ముందు దాన్ని తిరగేసి చూసింది,
జల్లెడ కొనేముందు చూసినట్టు.
వేలితో తీగలెంచింది.
"ఇరవై. మిగ్గల్."
ముప్పై రెండు, అని నేను రాసుకున్నాను.

మిగ్గల్ అంటే పన్నెండు.
వాళ్ల అంకెల దారికి పది దగ్గర మలుపు లేదు,
పన్నెండు దగ్గరుంది, మళ్లీ ఇరవై దగ్గర.
ఆ సంగతి నాకప్పటికి తెలీదు.
నేను రాసిన ప్రోగ్రాముకి అసలే తెలీదు.

తెర మీద కమలాలు ఒక్కొక్కటే పడుతున్నాయి.
పది దాటేటప్పుడు మనిషి కాస్త తడబడాలి,
మా అంచనా అది.
ఆమె పదిని చూడనట్టే దాటేసింది.
పన్నెండయ్యాక ఆగింది.
మూడువందల మిల్లీసెకన్లు,
ప్రతిసారీ, అక్కడే.
రాత్రి లాడ్జిలో కరెంటు పోయి వచ్చేలోగా
ఆమె వరసను పక్కకి తీసేశాను,
'అసాధారణం' అని రాసి.
మన గీతకి లొంగనివాళ్లకి మనం పెట్టే మర్యాదైన పేరు.

మరుసటి సంతకి డజను కమలాలు కొన్నాను.
ఒక్కొక్కటే సంచిలో వేసింది.
పన్నెండయ్యాక చెయ్యి గాలిలో నిలిచింది.
నన్ను చూసింది. నా చెప్పుల్ని చూసింది.
ఇంకోటి వేసింది.
"ఇదేటి?"
"కొసరు."
"అందరికీ ఇస్తావా?"
"మొగం బట్టి."

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర గొడవ పడ్డాం.
ఆ ఆగడం అంకెల మలుపన్నాను నేను.
కాదు, నిర్ణయమంది ఇతిశ్రీ, నుదుటి వెనక ఎక్కడో.
రేపటి బేరానికి ఇవాళ పెట్టే మదుపన్నారు కులమణి సారు.
టీకొట్టు సింహాద్రి డబ్బులు లెక్కపెడుతూ
"పోనీ జాలేమో" అన్నాడు.
ఆ మాటకి మా పట్టికలో గడి లేదు.

మళ్లీ టోపీ పెట్టినప్పుడు
చెవి వెనక ఇంకో తీగ అంటించింది ఇతిశ్రీ.
గురుబారి పట్టేసింది.
"ఇది ఎక్కువుంది. నాను లెక్కెట్టినాను.
ఇరవై, మిగ్గల్, ఒకటి."
నిజమే. ముప్పై మూడోది.
అది తనంతట ఏమీ చెప్పదు,
మిగతా ముప్పై రెంటినీ దానితో పోల్చే కొలుస్తాం.
నా నోటికొచ్చిన తెలుగులో అదంతా చెబితే
ఆమె నవ్వు ముందు తెర మీద వచ్చింది,
గీతలన్నీ చెదిరిపోయి.
"అయితే మీరూ ఇత్తన్నారన్నమాట, కొసరు."

వరసను తిరిగి చేర్చాను.
సమీకరణం చివర తోకలా ఒక గుర్తుంటుంది,
లెక్కకి అందనిదంతా అందులో వేస్తాం.
పుస్తకాల్లో దాన్ని దోషం అంటారు.
ఇరవై రెండేళ్లు నేనూ అలాగే అన్నాను.

తిరుగు రైల్లో పదమూడు కమలాలు, ముగ్గురం.
తలా నాలుగు. శేషం ఒకటి.
నీకంటే నీకని తోసుకుంటుంటే
కిటికీ అంచున అటూ ఇటూ దొర్లింది.
పర్లాకిమిడిలో ఎక్కిన పిల్లాడెవరో
మమ్మల్ని అడక్కుండానే తీసుకుని
తొక్క వలిచాడు.